సముద్రము లేని సీమ, మునిగిన నౌకలు

నల్లగొండ ప్రక్కన పానగల్లులో కందూరు చోడుల నాటి చెరువునకు ఉదయసముద్రమని పేరు. బోడిగుట్టల నడుమ, వానమీదనే ఆశ పెట్టుకొని బ్రతుకు మెట్టసీమలో నిండిన చెరువును మించిన సముద్రమేమి కలదు? అయినను మూసీ వాడపల్లి చెంత కృష్ణలో కలియును, కృష్ణ తూర్పు కడలిని చేరును; 1942 ఏప్రిల్‌లో ఆ కడలి మీదనే జపాను నౌకాదళమొకటి విచ్చలవిడిగా తిరుగాడెను.

ఆ నెల 5వ తేదీ, ఈస్టరు ఆదివారము మధ్యాహ్నము, సింహళద్వీపమునకు నైఋతి దిశలో డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అను బ్రిటిషు క్రూయిజర్లు రెండును తమ పెద్ద దళమును కలిసికొనుటకై పరుగిడుచుండగా, జపాను సేనాని నగుమో విమానవాహక నౌకలనుండి లేచిన బాంబరులు మీదికి దూకి, అరగంటైన గడువకముందే రెంటిని ముంచివేసినవి. 424 మంది మరణించిరి. మిగిలిన 1,122 మంది, చమురు తెట్టెగట్టిన నీటిలో తెప్పలను, కొయ్యముక్కలను పట్టుకొని, గాయపడినవారిని ఉన్న ఒకటి రెండు పడవలలో చేర్చి, మరునాటి సాయంకాలము ఎంటర్‌ప్రైజ్ క్రూయిజరు, రెండు డిస్ట్రాయరులు వచ్చి తీసికొనువరకు, ఎండకు మాడుచు దాదాపు 30 గంటలు వేచియుండిరి. డార్సెట్‌షైర్ నాయకుడు అగస్టస్ ఏగర్ తనవారిని చెదరనీయక ఒక్కచోట నిలిపెను. అంతమంది దక్కుటకు అదియే ముఖ్యకారణమని నా తలంపు.

అంతకు పదినెలలకు పైగా ముందు ఇదే డార్సెట్‌షైర్ జర్మనుల యుద్ధనౌక బిస్మార్కుపై టార్పెడోలు ప్రయోగించి, నీటిలో కొట్టుకొనుచున్నవారిలో ఎనుబది పైచిలుకు మందిని మాత్రమే ఎక్కించుకొని, జలాంతర్గామి భయమున తక్కినవారిని విడిచి తరలిపోయెను. దీనిని కర్మఫలమని తేల్చివేయుట సులభము. నాకట్లు తోచదు, నాడు ఆజ్ఞ ఇచ్చిన నాయకుడు వేరు, నేడు మునిగిన కుర్రవాండ్రు వేరు.

వారింకను నీటిలో తేలుచున్న ఆ 6వ తేదీననే, మరియొక జపాను దళమునకు చెందిన ర్యూజో నౌకనుండి వచ్చిన విమానములు విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు వేసినవి. మన చరిత్రలలో ఆ బాంబులకు చోటు దొరకినది గాని, ఆ నావికులకు దొరకలేదు.

ఇక నైజాము మెట్టసీమకును ఆ యుద్ధములో ఒక ఓడ కలదు. పాలమూరునకు మహబూబునగరమను పేరు హైదరాబాదు నిజాము మీర్ మహబూబ్ అలీఖాను మీదుగా వచ్చినది. ఆయన కుమారుడైన ఉస్మాన్ అలీఖాను బిరుదమే, ఆస్ట్రేలియా నావికులు నడిపిన 'నిజాం' డిస్ట్రాయరునకు పేరైనది. ఓడరేవొక్కటియు లేని రాజ్యము పేర యుద్ధనౌక! అది యుద్ధమున మునుగలేదు. 1945 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నైఋతి తీరమున ఒక పెద్ద అల దానిని ప్రక్కకు ఒరగగొట్టి, పదిమంది నావికులను ఈడ్చుకొనిపోయినది.