నెలల తరబడి నిలిచే కేకు

2017లో అంటార్కిటికాలోని కేప్ అడేర్ దగ్గరి వందేళ్లనాటి చెక్క గుడిసెలోని సామాన్లను భద్రపరుస్తున్న నిపుణులకు తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి దొరికింది. లోపల కాగితంలో చుట్టిన ఫ్రూట్‌కేకు. బ్రిటన్‌లోని హంట్లీ అండ్ పామర్స్ కంపెనీ తయారీ. దక్షిణ ధ్రువ యాత్రకు 1910లో బయల్దేరిన కెప్టెన్ స్కాట్ బృందం వెంట తెచ్చుకున్నదై ఉంటుందని అంచనా వేశారు. డబ్బా పాడైంది గానీ కేకు చెక్కుచెదరలేదు. వాసన కూడా దాదాపు తినదగ్గట్టే ఉందట.

అక్కడి చలి సాయం చేసిన మాట నిజమే. కానీ అసలు గుణం ఈ కేకులోనే ఉంది. ఎండుద్రాక్షలో, చక్కెర పాకంలో ఊరిన పండ్లలో నీరు ఉన్నా అది సూక్ష్మజీవులకు అందదు, చక్కెర పట్టి ఉంచుతుంది. మిగతా పని బ్రాందీయో, రమ్మో చూసుకుంటుంది. ఇంగ్లండులో కేకు కాలాక సన్నటి పుల్లతో అక్కడక్కడ గుచ్చి, వారానికో రెండు వారాలకో చెంచాడు మద్యం పోసి, మళ్లీ గట్టిగా చుట్టి దాచేవారు. మన ఆవకాయలాగే ఇదీ ఊరేకొద్దీ రుచి తేలుతుంది. చేసిన రోజు కేకులో మసాలాలు ఒకదానితో ఒకటి కలవవు, మద్యం ఘాటు నాలుకకు కొడుతుంది. అందుకే పండక్కి చాలా ముందే చేసి పెట్టేవారు.

పూర్వం యూరప్‌లో ఇది బాగా ఖర్చుతో కూడిన వంటకం. ఎండుద్రాక్ష, మసాలాలు, చక్కెర అన్నీ దూరదేశాల నుంచి ఓడల్లో రావాల్సినవే. ఆపైన మతనియమాలు. జర్మనీలోని సాక్సనీలో క్రిస్మస్ ముందు ఉపవాస దినాల్లో వెన్న నిషిద్ధం. నూనెతో చేసిన స్టోలెన్ అనే క్రిస్మస్ రొట్టె చప్పగా ఉండేది. అక్కడి పాలకులు రోముకు మొరపెట్టుకుంటే 15వ శతాబ్దం చివర్లో పోప్ 8వ ఇన్నోసెంట్ వెన్న వాడకానికి అనుమతి ఇచ్చాడు. ఇంగ్లండులో అయితే పండ్ల కేకు మొదట క్రిస్మస్‌ది కాదు. జనవరి తొలివారంలో, పండగ రోజుల ముగింపు వేడుకకు దాన్ని కోసేవారు. లోపల ఒక చిక్కుడు గింజ పెట్టేవారు, అది ఎవరి ముక్కలో వస్తే వారే ఆ రాత్రికి రాజు. 19వ శతాబ్దం రెండో సగంలో ఆ వేడుక సన్నగిల్లి, కేకు క్రిస్మస్ బల్ల మీదికి చేరింది.

తర్వాతి కాలంలో యూరప్‌లో చక్కెర చవక కావడం వెనక కరీబియన్ చెరకు తోటల్లో బానిసల చెమట, నెత్తురు ఉన్నాయి. ఈ కేకు గురించి ఎవరు రాసినా ఆ మాట దాటవేయకూడదు. ఆ బానిసల వారసులే ట్రినిడాడ్, జమైకాల్లో దొరల వంటకాన్ని తమదిగా మార్చుకున్నారు. పండ్లను నెలల తరబడి రమ్ములో నానబెడతారు. మందపాటి గిన్నెలో చక్కెరను పొగలొచ్చి నల్లబడేదాకా మాడ్చి, వేడి నీళ్లు పోసి, ఆ చేదుతీపి పాకాన్ని పిండిలో కలుపుతారు. అదే బ్లాక్ కేక్. అసలు కేకు కంటే ఇదే గొప్ప రుచి అనేవారితో వాదించడం కష్టం.

మన దేశంలో ఈ కథ కేరళలోని తలస్సేరిలో మొదలైందంటారు. మాంబల్లి బాపు బర్మాలో బిస్కెట్ల తయారీ నేర్చుకుని వచ్చి, 1880లో రాయల్ బిస్కెట్ ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ కుటుంబం చెప్పే ప్రకారం 1883లో అంజరకండి దాల్చినచెక్క తోటల యజమాని మర్డాక్ బ్రౌన్ ఇంగ్లండు నుంచి తెచ్చిన కేకు రుచి చూపించి, క్రిస్మస్‌కి ఇలాంటిది చేయగలవా అని అడిగాడు. అచ్చు పోయించడానికి బాపు ధర్మడంలోని కమ్మరి దగ్గరికి వెళ్లాడు. పక్కనే ఉన్న ఫ్రెంచివాళ్ల మాహే నుంచి బ్రాందీ తెప్పించుకోమని దొర అంటే, అతను జీడిమామిడి పండు, అరటిపండు పులియబెట్టి తీసిన నాటు సారా కలిపాడు. కేకు తిన్న బ్రౌన్ మరో డజను చేయించుకున్నాడట. చూసిన వంటను అలాగే దింపకుండా చేతికందే పండుతో కొత్తది చేసిన ఆ తెగువకే ఎక్కువ మార్కులు వేయాలి. మాంబల్లి వారసుల బేకరీలు కేరళలో ఇప్పటికీ నడుస్తున్నాయి.

మన బేకరీల ప్లమ్ కేకులో మెరిసే ఎర్ర, పచ్చ టూటీ ఫ్రూటీ ముక్కలు కూడా అలాంటి తెలివే. చాలావరకు అవి పచ్చి బొప్పాయిని ఉడికించి, రంగు వేసి, పాకంలో నానబెట్టినవి. హైదరాబాద్, విశాఖపట్నం పెద్ద హోటళ్లలో క్రిస్మస్‌కి వారాల ముందే ‘కేక్ మిక్సింగ్’ పేరిట బల్ల నిండా ఎండుపండ్లు పోసి, సీసాలకొద్దీ మద్యం ఒంపి కలుపుతారు. ఇంట్లో చేసుకోవాలనుకునేవారు మద్యం బదులు నారింజ రసం వాడొచ్చు. అయితే అలాంటి కేకు నెలల తరబడి నిలవదు, ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినేయాలి. రమ్ములో ఊరవేసేవారు మాత్రం పండ్లను అక్టోబరులోనే జాడీకెత్తితే మంచిది.