నిమ్మ లేని నిమ్మ బిస్కెట్టు: సంగారెడ్డి–పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతం నుంచి ఒక రుచి చరిత్ర

వ్యాససంగ్రహం

దుకాణంలో కొనే నిమ్మ బిస్కెట్టులో నిమ్మపండు ఎంత ఉంటుంది? ఇది ఆహారశాస్త్రం అడిగే ప్రశ్నగా కనిపించినా, దీని సమాధానం చరిత్రలో ఉంది. నిమ్మ పరిమళం, నిమ్మ పులుపు రెండూ పండు నుంచి విడివడి వేరు వేరు దారుల్లో కర్మాగారానికి చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బిస్కెట్టు పొట్లం మీది పదార్థాల జాబితాను ఒక చారిత్రక ఆధారంగా చదవవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిమ్మ, బిస్కెట్టు, ఆహార చరిత్ర, పటాన్‌చెరు, సిట్రాల్, సిట్రిక్ ఆమ్లం.

1. ప్రవేశిక

పటాన్‌చెరు అనగానే చరిత్ర విద్యార్థికి కల్యాణి చాళుక్యుల నాటి పొట్టలకెరె గుర్తుకు వస్తుంది. అర్థశాస్త్ర విద్యార్థికి మందుల పరిశ్రమ, పర్యావరణ విద్యార్థికి నక్కవాగు గుర్తుకు వస్తాయి. రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి వరకు ముంబయి రహదారి పొడవునా ఉన్న కిరాణా కొట్లు మాత్రం ఎవరికీ గుర్తుకు రావు. షిఫ్టు మారే వేళల్లో ఈ కొట్ల ముందు చేరే కార్మికులు ఎక్కువగా కొనేది టీ, దానితో ఒక బిస్కెట్టు పొట్లం. ఆ పొట్లాల వరుసలో పసుపుపచ్చ రంగులో, కోసిన నిమ్మచెక్క బొమ్మతో ఉండే క్రీము బిస్కెట్టు ఒకటి. చూడగానే పరిచయమైన పండు. కొరికితే పరిచయమైన వాసన. ఈ పరిచయం ఎక్కడిదన్నదే ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

ఆహార చరిత్ర మన దగ్గర ఎక్కువగా విందుల చరిత్రగా, రాజుల వంటశాలల చరిత్రగా సాగింది. కావ్యాల్లో భోజన వర్ణనలను ఏరి విశ్లేషించిన పరిశోధనలకు కొదువ లేదు. అయిదు రూపాయల పొట్లానికి మాత్రం ఆ గౌరవం ఇంకా దక్కలేదు.

2. నిమ్మ, గజనిమ్మ, లెమన్

మొదట పేరు సంగతి చూడాలి. ఇంగ్లీషులో లెమన్, లైమ్ అని రెండు పండ్లున్నాయి. తెలుగునాట ఇంటింటా వాడే చిన్న, గుండ్రని, పలుచని తొక్క గల నిమ్మ నిజానికి లైమ్. లెమన్ మనకు గజనిమ్మ. వీటికి తోడు దబ్బ, మాదీఫలం అనే పేర్లు కూడా తెలుగులో ఉన్నాయి. పులుపు పండ్ల మధ్య ఇంత తేడా గుర్తించిన భాషలో, పాఠ్యపుస్తకాల అనువాదం వల్ల లెమన్, లైమ్ రెండూ ‘నిమ్మ’ అయ్యాయి. పొట్లం మీద ‘లెమన్’ అని అచ్చయితే నల్లగొండ కార్మికుడు చదువుకునేది నకిరేకల్ మార్కెట్‌కు వచ్చే కాయనే. బొమ్మ మాత్రం తరచుగా మొనదేలిన లెమన్‌ది.

రెండవ సంగతి వాడుకకు సంబంధించింది. తెలుగువారి నిమ్మ ఊరగాయలో ఉంది, పులిహోరలో ఉంది, అమ్మవారి మెడలో దండగా ఉంది, కొత్త బండి చక్రం కింద ఉంది. తీపితో కలిసినప్పుడు షర్బత్తుగా మారింది. కానీ పిండివంటల్లోకి అది రాలేదు. అరిసెకు, బూరెకు, కజ్జికాయకు యాలకులు, పచ్చకర్పూరమే పరిమళద్రవ్యాలు. పిండి, చక్కెర, నిమ్మ మూడూ ఒకచోట చేరడం మన వంటింటికి పరాయి కలయిక. ఆ కలయికకు తెలుగు నాలుకను సిద్ధం చేసింది బహుశా నిమ్మతొనలే. కొట్లలో గాజు సీసాల్లో ఉండే ఆ పసుపు, నారింజ రంగుల చక్కెర తొనల్లో పండు ఆకారం ఉంది, రంగు ఉంది, పండు లేదు. ఆకారాన్ని పండుగా నమ్మే అలవాటు బిస్కెట్టు కంటే ముందే పిల్లలకు అబ్బింది.

3. బిస్కెట్టు నడిచిన దారి

రెండుసార్లు కాల్చినది అనే అర్థం గల లాటిన్ మాట నుంచి ఏర్పడిన ‘బిస్కెట్’ వలస పాలనతో ఇక్కడికి వచ్చింది. మొదట్లో దాన్ని తినడమే ఒక సామాజిక ప్రకటన. ఎవరు పిండి కలిపారు, ఎవరు కాల్చారు అన్న ప్రశ్న లేకుండా పొయ్యి మీది పదార్థం నోటికి చేరని సమాజంలో అది సహజమే. 19వ శతాబ్దం చివర దిల్లీలో ‘హిందూ బిస్కెట్’ పేరిట ఒక కంపెనీ ఏర్పడవలసి రావడం దీనికి నిదర్శనం. కలకత్తాలో 1892లో చిన్నగా మొదలైన సంస్థ తరువాత బ్రిటానియాగా ఎదిగింది. బొంబాయిలో 1929లో మిఠాయిలతో మొదలైన పార్లే 1939లో బిస్కెట్ల తయారీకి దిగింది. యంత్రం చేసింది, కాగితంలో చుట్టింది, చేయి తగలనిది అనే భావన కులశంకను కొంత పక్కకు నెట్టింది. పొట్లం చేసిన సామాజిక పని ఇది. పరిశుభ్రత పేరుతో జరిగింది కాబట్టి పెద్దగా చర్చకు రాలేదు.

హైదరాబాదు దారి కొంత వేరు. ఇక్కడ బిస్కెట్టు పొట్లంలో కాక ఇరానీ హోటల్ గాజు సీసాలో పెరిగింది. ఉస్మానియా బిస్కెట్టు ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసం పుట్టిందని ఒక కథ; ఏడవ నిజాం ఇష్టపడినందువల్ల ఆ పేరు వచ్చిందని మరొక కథ. ఇవి జనశ్రుతులు. తమ రుచికి ఒక రాజముద్ర కావాలని నగరం కోరుకున్నదని చెప్పడానికి మాత్రం ఇవి మంచి ఆధారాలే. దేశ విభజన తరువాత సింధు నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహి మార్కెట్ వద్ద కరాచీ బేకరీని స్థాపించాడు. దాని ఫ్రూట్ బిస్కెట్టులో కనిపించే ఎర్రని, పచ్చని ముక్కలు టూటీ ఫ్రూటీ. అంటే చక్కెర పాకంలో ఊరి, రంగు పులుముకున్న పచ్చి బొప్పాయి. ఫ్రూట్ బిస్కెట్టులో పండు ఉంది, కానీ వేరే పండు వేషంలో ఉంది. నిమ్మ బిస్కెట్టులో వేషం ఉంది. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే బేకరీకి, కర్మాగారానికి మధ్య ఉన్న దూరం అనవచ్చు.

4. పరిమళం ఒకచోట, పులుపు ఒకచోట

నిమ్మరసాన్ని నేరుగా బిస్కెట్టు పిండిలో ఎందుకు పోయరు? ఇందులో మోసం వెతకడం తొందరపాటు. బిస్కెట్టు నెలల తరబడి కరకరలాడాలంటే అందులో తేమ అతి తక్కువగా ఉండాలి. నిమ్మరసం దాదాపు అంతా నీరే. పిండిని పొంగించే వంటసోడా క్షారం. రసంలోని ఆమ్లం దానితో కలిసి పొంగుగా మారి, పులుపు పోగొట్టుకుంటుంది. పరిమళం రసంలో కాక తొక్కలోని నూనెలో ఉంటుంది. పొయ్యి వేడికి అందులో చాలా భాగం ఎగిరిపోతుంది. అందుకే కంపెనీలు పులుపును, వాసనను కాల్చిన తరువాత రెండు బిళ్లల మధ్య పెట్టే క్రీములోకి మార్చాయి. బ్రిటన్‌లో పేరుపొంది, శ్రీలంకలో మాలిబన్, మంచీ సంస్థల చేతుల్లో దాదాపు జాతీయ చిరుతిండిగా మారిన ‘లెమన్ పఫ్’ సూత్రం కూడా ఇదే: పైన పొరలుగా విరిగే బిళ్ల, లోపల పుల్లని క్రీము.

ఆ క్రీములోని వాసనకు ప్రధాన కారణం సిట్రాల్ అనే పదార్థం. లెమన్ తొక్క నూనెలో అధికభాగం లిమొనీన్; సిట్రాల్ నూటికి కొద్ది పాళ్లే, కానీ ‘నిమ్మ’ అని మన ముక్కుకు చెప్పేది అదే. సిట్రాల్ అంతకంటే సమృద్ధిగా, నూనెలో నూటికి 70కి పైగా, నిమ్మగడ్డిలో ఉంది. కేరళ కొండల నిమ్మగడ్డి నూనె ‘కొచ్చిన్ నూనె’ అనే పేరుతో ప్రపంచ విపణిలో చలామణి అయింది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త టీమాన్ 1893లో సిట్రాల్ నుంచి అయొనోన్‌ను తయారుచేసి, వయొలెట్ పూలను మరిపించే అత్తరు పరిశ్రమకు కొత్త దారి తెరిచాడు. తరువాతి కాలంలో విటమిన్ ఎ తయారీకి కూడా సిట్రాలే ముడిసరుకయింది. 1951లో కేరళలోని ఓడక్కాలిలో నిమ్మగడ్డి పరిశోధన కేంద్రం ఏర్పడడానికి వెనుక ఈ గిరాకీ ఉంది. ఆ తరువాత పెట్రోలియం నుంచే సిట్రాల్ తయారు చేయగల జర్మన్, జపాన్ సంస్థలు రంగంలోకి వచ్చాయి. పండు నుంచి గడ్డికి, గడ్డి నుంచి చమురుకు వాసన చిరునామా ఇలా మారింది.

పులుపు కథ ఇంకా విచిత్రం. స్వీడన్ శాస్త్రవేత్త షీలే 1784లో నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లాన్ని వేరుచేశాడు. ఆపై ఒక శతాబ్దానికి పైగా ప్రపంచానికి కావలసిన సిట్రిక్ ఆమ్లానికి ఇటలీ నిమ్మతోటలే ఆధారం. అమెరికాలో జేమ్స్ కరీ 1917లో ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్లబూజు చక్కెరను సిట్రిక్ ఆమ్లంగా సమర్థంగా మార్చగలదని నిరూపించాడు. 1919లో ఫైజర్ సంస్థ ఆ పద్ధతిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. కొద్ది ఏళ్లలోనే ఇటలీ రైతు ఆ విపణి నుంచి తప్పుకోవలసి వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో సిట్రిక్ ఆమ్లాన్ని అత్యధికంగా తయారుచేసేది చైనా. అందుకు ముడిసరుకు మొక్కజొన్న పిండిపదార్థం, చక్కెర మడ్డి వంటివి. కాబట్టి పటాన్‌చెరు కొట్లో కొన్న నిమ్మ బిస్కెట్టు పులుపుకు నకిరేకల్ నిమ్మతోట కంటే జహీరాబాద్ చెరకుతోటే దగ్గరి చుట్టం.

5. పారిశ్రామిక ప్రాంతం, దాని రుచి

1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, ఆ తరువాతి దశకంలో పారిశ్రామిక వాడలు, 1984లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం: ఈ క్రమంలో పాత మెదక్ జిల్లా దక్షిణ భాగం వ్యవసాయ ప్రాంతం నుంచి జీతాల ప్రాంతంగా మారింది. పొట్లం బిస్కెట్టుకు జీతం ఒక షరతు. పొలానికి సద్దిమూట వెళ్తుంది. షిఫ్టుకు పొట్లం వెళ్తుంది. చెడిపోదు, చేతికి అంటదు, ధర ముందే తెలుసు. ముడిసరుకు పెరిగినప్పుడు ధర కదలకుండా బరువు తగ్గడం కూడా కార్మికుడికి తెలియనిదేమీ కాదు.

ప్రభుత్వ విధానం కూడా ఇక్కడ పనిచేసింది. బిస్కెట్ల తయారీ 1997 వరకు చిన్న పరిశ్రమలకు కేటాయించిన రంగం. పెద్ద సంస్థలు తమ పేరు మీద చిన్న యూనిట్ల చేత తయారు చేయించుకునే పద్ధతి బలపడిన కాలం అది. కేటాయింపు తొలగిన తరువాత పెద్ద కర్మాగారాల వంతు వచ్చింది. 2023 జనవరిలో మెదక్ జిల్లా మనోహరాబాద్‌లో ప్రారంభమైన ఐటీసీ ఆహార కర్మాగారం ఆ దశకు చెందింది.

పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, జిన్నారం ప్రాంతాలకు దేశవ్యాప్త గుర్తింపు తెచ్చింది మాత్రం బిస్కెట్లు కావు, మందుల ముడిపదార్థాలు. నక్కవాగు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వ్యాజ్యం పర్యావరణ న్యాయచరిత్రలో భాగం. నిమ్మ వాసనను అణువుగా మార్చిన విద్య, మందును అణువుగా తయారుచేసే విద్య ఒకటే: రియాక్టర్, ద్రావణి, స్వేదనం. పొట్లం వెనుక చిన్న అక్షరాల్లో అంకెలుగా కనిపించే పదార్థాలు ఇలాంటి ప్రాంతాల్లోనే, ఇలాంటి కార్మికుల చేతుల మీదుగానే తయారవుతాయి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. మందుబిళ్లల్లోనూ, ఆహార పదార్థాల్లోనూ వాడే ఒక తెల్లని పొడి అది. పొట్లం మీద దాని ఉనికి ఒక అంకె మాత్రమే: 460.

6. పొట్లాన్ని చదవడం

శాసనాన్ని చదివేవాడు దాత పేరు, భూమి కొలత, సాక్షుల వరుస చూస్తాడు. పొట్లానికీ అలాంటి నిర్మాణం ఉంది. భారత ఆహార ప్రమాణాల నిబంధనల ప్రకారం పదార్థాలను బరువు క్రమంలో, ఎక్కువ నుంచి తక్కువకు అచ్చువేయాలి. నిమ్మ క్రీము బిస్కెట్టులో సాధారణంగా మైదా, చక్కెర, తాళనూనె ముందు వరుసలో నిలుస్తాయి. తరువాత పొంగించేవి: 500, 503. తరువాత 330. అదే సిట్రిక్ ఆమ్లం. పసుపు రంగుకు 102 ఉంటే అది టార్ట్రజీన్. చివరగా పరిమళం గురించిన ప్రకటన: సహజమా, ప్రకృతి సమానమా, కృత్రిమమా. ‘ప్రకృతి సమానం’ అనే మాట ప్రత్యేకంగా గమనించదగినది. అణువు ఒకటే, పుట్టుక వేరు అని చట్టం ఒప్పుకున్న మాట అది. శాసన పరిభాషలో చెప్పాలంటే, అసలు పత్రం కాదు, నకలు, అయినా చెల్లుతుంది.

కొనదగిన నిమ్మ బిస్కెట్టు ఏది అని ఎవరైనా అడిగితే సమాధానం ఈ జాబితాలోనే ఉంది. నిమ్మ నూనె, నిమ్మ పొడి, నిమ్మ తొక్క అనే మాటలు పదార్థాల్లో కనిపించే పొట్లానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వవచ్చు. పులుపు కోరేవారు క్రీము ఉన్నదాన్ని, పరిమళం కోరేవారు వెన్నతో చేసిన, తొక్క తురుము కలిసిన బేకరీ కుకీని ఎంచుకోవడం మేలు. రంగు ఎంత గాఢంగా ఉంటే అంత అనుమానించాలి; నిమ్మరసానికి అంత పసుపు ఎక్కడిది? టీలో ముంచి తినడానికి మాత్రం నిమ్మ బిస్కెట్టు పనికిరాదని నా అభిప్రాయం. పాలతో సిట్రిక్ ఆమ్లానికి పొత్తు కుదరదు. ఇరానీ చాయ్ పక్కన ఉస్మానియా నిలిచి, నిమ్మ నిలవకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. 1975లో వచ్చిన లిరిల్ సబ్బు మొదలుకొని గిన్నెలు తోమే సబ్బు దాకా నిమ్మ వాసన స్నానాల గదికీ, అంట్ల తొట్టికీ అంటుకుపోవడం ఇంకొక కారణం. నారింజ క్రీముకు ఆ ఇబ్బంది ఎదురుకాలేదు.

2022 ఏప్రిల్‌లో దేశంలోని చాలా నగరాల్లో నిమ్మకాయల ధర కిలో 200 రూపాయలు దాటింది. గూడూరు, తెనాలి, ఏలూరు, నకిరేకల్ మార్కెట్లు పత్రికల మొదటి పేజీలకు ఎక్కాయి. హోటళ్లలో భోజనం పళ్లెం నుంచి నిమ్మచెక్క మాయమైంది. అయితే పరిమళం చమురు నుంచి, పులుపు బూజు నుంచి వచ్చే బిస్కెట్టుకు ఆ ధరతో పనిలేదు. కాయలు కోతకూలీ కూడా రాని ధరకు పడిపోయిన రోజుల్లోనూ దానికి పనిలేదు.