శిశు మస్తిష్క వికాస లోపములు: బెంగుళూరున పరిశోధక శిక్షణ

బెంగుళూరు తెలుగువారిలో హోసూరు రోడ్డును ఎరుగనివారుండరు. ఆ రోడ్డు ప్రక్కనగల నిమ్హాన్సును పాతతరమువారు కొందరు నేటికిని పిచ్చాసుపత్రి యనియే పిలుచుచుందురు. ఆ పేరునందు కొంత చరిత్ర యున్నమాట నిజమే. 1847లో వెలసిన ఉన్మాదుల శరణాలయమే 1925లో మైసూరు ప్రభుత్వమువారి వలన మానసిక చికిత్సాలయమను పేరు పొందినది. కాని ఆ ఆవరణలో రోగులతోపాటు విద్యార్థులును పెరిగిరను సంగతి లోకమునకు అంతగా తెలియదు. మెదడు ఎదుగుదల పసితనముననే కుంటుపడిన పిల్లలకొరకు పనిచేయు యువశాస్త్రజ్ఞులను తీర్చిదిద్దుటకు ఈ నగరమున జరిగిన ప్రయత్నములను ఇందు కొంత పరిశీలింతము.

ముందుగా ఒక విదేశ వృత్తాంతము చెప్పక తప్పదు. నార్వే దేశమున ఒక తల్లికి ఇద్దరు బిడ్డలు. ఇద్దరికిని బుద్ధి వికసింపలేదు. వారి మూత్రమునుండి వచ్చు వింత వాసనకు కారణమేమని ఆమె వైద్యులను అడిగి అడిగి, తుదకు 1934లో అస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుని ఆశ్రయించెను. ఆయన వైద్యమునకు పూర్వము రసాయనశాస్త్రమును అభ్యసించినవాడు. ఆ మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు కలుపగా ఆకుపచ్చ రంగు తేలినది. ఆ జాడనుబట్టి పోయి, ఫినైల్ అలనీన్ అను అమైనో ఆమ్లము దేహమున జీర్ణము కాక నిలిచిపోవుటయే వ్యాధికి మూలమను మార్గమును ఆయన చూపెను. 1953లో ఇంగ్లండున బికెల్ మొదలగువారు ఆ పదార్థమును తగ్గించిన ఆహారమును ఒక బాలికకిచ్చి గుణము కనబరచిరి. ఫోలింగ్ వైద్యుడు మాత్రమే యైనచో ఆ వాసన సంగతి విని ఊరకుండెడివాడు. రసాయనజ్ఞుడు మాత్రమే యైనచో ఆ తల్లి ఆయన గుమ్మము త్రొక్కెడిదే కాదు. ప్రయోగశాలలో తేలిన సత్యమును రోగికి అందజేయు పరిశోధన అని నేడు మనము చెప్పుకొనునదంతయు ఈ ఒక్క కథలో నున్నది. ఇట్టి రెండు చదువులవాడు దైవికముగా దొరకుట వేరు, అట్టివారిని బుద్ధిపూర్వకముగా తయారుచేయుట వేరు.

మన దేశమున మానసిక వైద్యమునకు శిక్షణ సంస్థ కావలెనని 1946 నాటి భోర్ సంఘము సూచించెను. దాని ఫలితముగా 1954లో బెంగుళూరు చికిత్సాలయమును ఆనుకొనియే అఖిల భారత మానసికారోగ్య సంస్థ ఏర్పడెను. ఎం. వి. గోవిందస్వామి దానికి ప్రథమాధ్యక్షులు. మరుసటి సంవత్సరమే మనోవైద్యమునందును మనశ్శాస్త్రమునందును బోధన ఆరంభమైనది. 1974 డిసెంబరు 27న ఆసుపత్రియు విద్యాసంస్థయు ఏకమై నిమ్హాన్స్ అయినవి. పరిపాలన విషయముగా కనబడు ఈ కలయికలో అసలు లాభము వేరొకటి కలదు. నాడీరసాయన శాస్త్రము, మానవ జన్యుశాస్త్రము, బాలల మనోవైద్యము ఒకే ప్రాంగణమున చేరినవి. విద్యార్థి తలుపు దాటిన చాలును, తాను గాజు గొట్టములో చూచు వ్యాధి బిడ్డ రూపమున ఎదురగును.

ఇక నగరమునకు ఉత్తర దిశనున్న భారతీయ విజ్ఞాన సంస్థ సంగతి. 1980వ దశకపు తొలి సంవత్సరములలో అచ్చటి జీవరసాయన శాస్త్రజ్ఞులు ఎన్. అప్పాజీరావు, హెచ్. ఎస్. సావిత్రి, జన్యువైద్య నిపుణురాలు ఎ. రాధా రమాదేవి, లండనులో పనిచేయుచుండిన ఎ. హెచ్. బిటిల్స్ మొదలగువారు కర్ణాటకమున దాదాపు లక్షమంది నవజాత శిశువుల రక్తమును అమైనో ఆమ్ల దోషములకై పరీక్షించిరి. 1988లో ఫలితములు వెలువడినవి. అంతకు ముందే ఈ బృందమువారు తలిదండ్రుల వివాహ సంబంధములను గూడ విచారించిరి. సుమారు మూడవవంతు వివాహములు రక్తసంబంధీకుల మధ్యనే జరిగినట్లు తేలెను. మేనమామను, మేనబావను చేసికొను ఆచారము మన తెలుగు ఇండ్లకు క్రొత్త కాదు గనుక ఆ లెక్క మనదిగూడ. తలిదండ్రు లిరువురిలోను ఒకే లోపము దాగియున్నప్పుడు పుట్టు వ్యాధులకు ఇట్టి సంబంధములు అవకాశమును పెంచును. ఈ సంగతి చెప్పుటకు పెండ్లిపెద్దల యెదుట ఎంత నేర్పు కావలయునో ఏ ప్రయోగశాలయు నేర్పదు.

రాధా రమాదేవిగారు తరువాత హైదరాబాదున డి. ఎన్. ఎ. వేలిముద్రల కేంద్రమున చేరి అట్టి పనినే సాగించిరి. 18,300 మంది శిశువులను పరీక్షించిన వివరములు 2004లో ప్రకటితమైనవి. 1,700 మందికి ఒకరి చొప్పున పుట్టుకతోనే థైరాయిడ్ లోపము కనబడినది. ఆలసించిన బుద్ధి మందగించును. మొదటి వారములలోనే గుర్తించి థైరాక్సిన్ మాత్ర ఇచ్చినచో బిడ్డ తోటిపిల్లలవలెనే ఎదుగును. దేశమున ప్రతి శిశువునకును ఈ పరీక్ష జరుగు ఏర్పాటు నేటికిని లేదు.

జన్యుశాస్త్రము ముందుకు సాగినకొలది సమస్య జటిలమైనది. వంశపారంపర్యముగా వచ్చు బుద్ధిమాంద్యమునకు ప్రధాన కారణములలో నొకటియైన ఫ్రజైల్ ఎక్స్ వ్యాధి యొక్క జన్యువు 1991లో దొరకినది. బెంగుళూరున 2009లో ఏర్పడిన ఇన్‌స్టెమ్ సంస్థలో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయముతో కలిసి ఒక మస్తిష్క వికాస కేంద్రము వెలసెను. సుమంత్ర ఛటర్జీ దానిని నడపిరి. ఎడిన్‌బరోవారును ఛటర్జీయు కలిసి 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఈ వ్యాధిగల ఎలుకలకు లేతవయసున కొన్ని వారములు లోవాస్టాటిన్ ఇచ్చినచో, మందు మానిన కొన్ని నెలలకును జ్ఞాపకశక్తి నిలిచియుండెను. అది కొలెస్టరాలును తగ్గించుటకై వాడుకలోనున్న మందే. మరి బిడ్డలలోనో? 2020లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్షలో పదేండ్లు నిండినవారికి ఆ మందునిచ్చుచు, మాటలు నేర్పు పద్ధతిని తలిదండ్రులకు బోధించిరి. మందు పుచ్చుకొన్నవారును, ఉత్తుత్తి మాత్ర పుచ్చుకొన్నవారును సమానముగనే ముందుకు సాగిరి. ఎలుక వయస్సును బాలుని వయస్సుతో ఎట్లు సరిపోల్చవలెను, ఏ గుణమును కొలువవలెను అను ప్రశ్నలు ఇచ్చటనే తలయెత్తును. వీనికి సమాధానము వెదకగలవాడు ఎలుకల బోనును, వైద్యుని గదిని రెంటిని ఎరిగియుండవలెను.

అట్టివారికై వేతనములు లేకపోలేదు. 2008లో హైదరాబాదు కేంద్రముగా వెలసిన ఇండియా అలయన్స్ యువశాస్త్రజ్ఞులకును వైద్యులకును పరిశోధన వృత్తుల నిచ్చుచున్నది. అయినను ఉదయమంతయు రోగులను చూచిన వైద్యునకు ప్రయోగశాలకు పోవు తీరిక ఎవరిత్తురు? ప్రయోగశాలయందలి విద్యార్థి వారమునకొక పూట బాలల వార్డులో కూర్చుండినచో ఆ కాలము ఏ పట్టాకు లెక్కవచ్చును? ఇంతకును ఇన్‌స్టెమ్ ఉన్నది ఉత్తరమున బళ్లారి రోడ్డు ప్రక్కన, నిమ్హాన్స్ ఉన్నది దక్షిణమున. ఒకచోటినుండి రెండవచోటికి పోవలెనన్న బెంగుళూరు రద్దీలో నగరమంతయు దాటవలెను. ఆ దారిన వారమువారమును పోయివచ్చుచున్న విద్యార్థులు కొందరున్నారు.