అట్టల మగ్గం నుంచి వాద్యబృందం దాకా



సోలాపూర్ కొంతం చౌక్ చుట్టుపక్కల ఉండేవారికి మగ్గాల మోత నిద్రను చెడగొట్టదు. మోత ఆగిపోతేనే మెలకువ వస్తుంది. కరెంటు పోయిందా, నూలు అయిపోయిందా అని లేచి కూర్చుంటాం. అలాంటి సందులో ఒక ఇంటికి ఈమధ్య వెళ్లాను. కింద కార్ఖానా, పైన చిన్న గది. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి ఆ గదిలో తన చేత్తో విడిభాగాలు బిగించి ఒక కంప్యూటర్ తయారుచేసుకున్నాడు.

"సార్, దీంట్లో లెక్కలు రాయను, సినిమాలు చూడను. ఇది వాద్యబృందం కోసమే" అన్నాడు. మీటలు నొక్కాడు. వయొలిన్లు, చెల్లోలు, వేణువులు, బాకాలు, డోళ్లు, అరవై మంది కూర్చుని వాయిస్తున్నట్టు వినిపించాయి. మూలన కూర్చున్న వాళ్ల తాత జాకార్డు మగ్గం మీద చద్దర్లు నేసి రిటైరైన మనిషి. అంతా విని, "బాగనే ఉంది గని, వాయించేటోళ్లు ఎక్కడున్నర్రా?" అని అడిగాడు. పిల్లవాడు నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న మనసులో ఉండిపోయింది. దాని జవాబు వెతుక్కుంటూ పోతే దారి మళ్లీ మగ్గం దగ్గరికే వచ్చింది.

1804లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మారీ జాకార్డ్ తన పరికరాన్ని పూర్తిచేశాడు. అది మనకు కొత్త కాదు. అట్టలో రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. రంధ్రం లేనిచోట పోగు కిందే ఉంటుంది. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. అంతకుముందు మగ్గం దగ్గర ఒక పిల్లవాడు ఉండి, పువ్వు ప్రకారం తాళ్లు లాగేవాడు. ఆ పిల్లవాడి జ్ఞాపకం అట్టల్లోకి వెళ్లింది, అతని పని పోయింది.

ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన గణనయంత్రానికి ఈ అట్టల పద్ధతినే తీసుకున్నాడు. ఆ యంత్రం గురించి 1843లో వ్యాసం రాసిన అడా లవ్‌లేస్, స్వరాల మధ్య సంబంధాలను యంత్రానికి అర్థమయ్యేలా రాయగలిగితే అది సంగీతం కూడా కూర్చవచ్చని ఊహించింది. 1892లో పారిస్‌కు చెందిన గావియోలీ కంపెనీ, జాతరల్లో వాయించే పెద్ద ఆర్గన్లకు రంధ్రాల అట్టలను పుస్తకంలా మడతపెట్టి అమర్చింది. అట్ట కదులుతుంటే గొట్టాలు పలికేవి. 1957లో అమెరికాలో మాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాంతో ఐబీఎం 704 కంప్యూటర్ పదిహేడు సెకన్ల పాట వినిపించింది. ఆ రోజుల్లో కంప్యూటర్‌కు ఆదేశాలు ఇవ్వడానికి వాడినవీ రంధ్రాల కార్డులే.

ఇక్కడిదాకా యంత్రం తన గొంతుతోనే పాడింది. మనిషి వాయించిన శబ్దాన్ని దాచి, మీట నొక్కినప్పుడు తిరిగి పలికించడం తరువాతి మెట్టు. 1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో తయారైన ఫెయిర్‌లైట్ యంత్రం ఆ పని చేసింది. కాని అందులో ఒక్కో శబ్దానికి దొరికే చోటు 16 కిలోబైట్లే.

ఆ చోటు ఎందుకు చాలదో చిన్న లెక్క చూద్దాం. సీడీ నాణ్యతలో పది సెకన్ల శబ్దానికి దాదాపు 1.76 మెగాబైట్లు కావాలి. ఒక వాద్యంలో 60 స్వరాలు అనుకుందాం. ప్రతి స్వరాన్ని మెల్లగా, గట్టిగా, ఇలా 4 స్థాయుల్లో, 3 రకాల పట్టుతో రికార్డు చేస్తే 720 ముక్కలు అవుతాయి. అంటే ఒక్క వాద్యానికే సుమారు 1,270 మెగాబైట్లు. మొత్తం బృందానికి ఎంతవుతుందో మీరే ఊహించండి.

1998లో వచ్చిన గిగాసాంప్లర్ అనే ప్రోగ్రాం దీనికి ఉపాయం చూపింది. ప్రతి స్వరం మొదటి ముక్కను మాత్రమే కంప్యూటర్ మెమరీలో సిద్ధంగా ఉంచి, మిగతాదాన్ని డిస్క్ నుంచి అప్పటికప్పుడు తెప్పించింది. నేతగాడు నాలుగు కండెలు చేతికందేలా పెట్టుకుని నేయడం మొదలుపెడతాడు, అవి అయ్యేలోగా రాట్నం దగ్గరి నుంచి మిగతావి వస్తుంటాయి. ఇదీ అంతే. కండె అందకపోతే మగ్గం ఆగుతుంది. శబ్దం అందకపోతే పాట తెగుతుంది. అందుకే ఈ పనికి వేరే కంప్యూటర్. తువ్వాళ్లకు కట్టిన మగ్గం మీద చద్దరు నేయం కదా! 32 బిట్ల కంప్యూటర్లు 4 గిగాబైట్లకు మించి మెమరీని వాడుకోలేని రోజుల్లో తీగవాద్యాలకు ఒకటి, బాకాలకు ఒకటి అంటూ వరసగా యంత్రాలు పెట్టేవారు. ఇప్పుడు 64 బిట్ల యంత్రం ఒక్కటి చాలు. మన అబ్బాయి కూడా ఎక్కువ మెమరీ, వేగంగా చదివే ఎస్‌ఎస్‌డీ, చప్పుడు చేయని ఫ్యాన్లు చూసి కొనుక్కున్నాడు. కింద మగ్గాలు అంత మోత చేస్తుంటే ఫ్యాన్ చప్పుడు ఎవరికి వినిపిస్తుందని నేనడిగితే, "రాత్రి మగ్గాలు ఆగినంక పని చేస్త సార్" అన్నాడు.

ఇక తాత ప్రశ్నకు వస్తాను. వాయించేవాళ్లు ఎక్కడున్నారు? ఆ డిస్కులోనే ఉన్నారు. వియన్నాలో చెల్లో వాయించే హెర్బ్ టుక్‌మాండల్ స్థాపించిన వియన్నా సింఫోనిక్ లైబ్రరీ వంటి సంస్థలు వాద్యకారులను కూర్చోబెట్టి ఒక్కొక్క స్వరాన్నే వాయించమని రికార్డు చేశాయి. పాట కాదు, స్వరం. ఎవరో ఒకరు ఓపికగా విల్లు లాగితేనే ఈ గదిలో మీట పలుకుతుంది. ఈ యంత్రం వల్ల మా అబ్బాయి వంటి పేదింటి పిల్లవాడికి వాద్యబృందం దొరికింది. నిజమే. ఎక్కడో కొందరు వాద్యకారులకు పిలుపులు తగ్గాయి. అదీ నిజమే. తాళ్లు లాగిన ఆ లియాన్ పిల్లవాణ్ణి తలచుకుంటే రెండూ ఒకేసారి నిజం కాగలవని తెలుస్తుంది.

తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చిన మన పెద్దలు ఈ ఊరి చద్దరుకు దేశమంతటా పేరు తెచ్చారు. చద్దరు మీద కార్ఖానా ముద్ర ఉంటుంది. ఆ నెమలిని గళ్ల కాగితం మీద గీసినవారి పేరు, అట్టలు కొట్టినవారి పేరు ఉండవు. ఇప్పుడు ఎలక్ట్రానిక్ జాకార్డులు వచ్చాక పాత అట్టలు తూకానికి పోతున్నాయి.

నేను దిగి వస్తుంటే తాత మంచం కింద నుంచి ఒక అట్టల కట్ట లాగి మనవడికి చూపించాడు. "ఇది నేను నేసిన నెమలి" అన్నాడు. పిల్లవాడు పెన్ను తీసుకుని మొదటి అట్ట మీద తాత పేరు రాశాడు. మీ ఇంట్లోనూ అలాంటి కట్ట ఉంటే, తూకానికి వేసేముందు ఆ పని చేసినవారి పేరు అడిగి రాసిపెట్టండి.