బడ్జ్ బడ్జ్ రేవులో చమురు చరిత్ర

కరెంటు రాకముందు దీపం దేనితో వెలిగేదని మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. కిరసనాయిలుతో అంటారు. అంతకుముందు? ఆముదంతో. ఆముదం మన చేలో పండేది. కిరసనాయిలు సముద్రం దాటి వచ్చేది. మోటారు కార్లు రాకముందే, ఈ చిన్న దీపంతోనే మనకు పరాయి చమురు అలవాటైంది.

కలకత్తాకు దిగువన, హుగ్లీ ఒడ్డున బడ్జ్ బడ్జ్ ఉంది. కిరసనాయిలు తేలిగ్గా అంటుకుంటుంది కనుక 19వ శతాబ్దం చివర్లో దాని నిల్వకు నగరానికి దూరంగా ఈ చోటును ఎంచుకున్నారు. మన దేశానికి కిరసనాయిలు మొదట అమెరికా నుండి, తర్వాత రష్యాలోని బాకూ నుండి వచ్చేది. 1886లో బర్మా ఆయిల్ కంపెనీ ఏర్పడ్డాక రంగూన్ నుండి కూడా నూనె ఓడలు రావడం మొదలైంది.

ఇక్కడొక చిక్కు ప్రశ్న. ఆ బర్మా నూనె స్వదేశీయా, విదేశీయా? అప్పట్లో బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగం. 1937 ఏప్రిల్ 1న అది వేరుపడింది. బావి కదల్లేదు, ఓడ దారి మారలేదు. అయినా అదే నూనె రాత్రికి రాత్రి పరాయిదైపోయింది! 1942లో జపాన్ సేనలు ముందుకు వస్తుంటే బ్రిటిష్ వారే ఆ చమురు బావులను ధ్వంసం చేశారు. 1947లో పంజాబులోని అటక్ చమురు పాకిస్తాన్‌కు పోయింది. మనకు మిగిలింది అస్సాంలోని డిగ్బోయ్.

స్వాతంత్ర్యం తర్వాత ట్రాంబేలో, 1957లో మన విశాఖపట్నంలో, 1975లో హుగ్లీ దిగువన హల్దియాలో శుద్ధి కర్మాగారాలు వచ్చాయి. శుద్ధి ఇక్కడే జరిగినా, వాటికి కావలసిన ముడిచమురు ఎక్కువగా బయటిదే. 1973లో గల్ఫ్ దేశాలు ధర పెంచినప్పుడు ఆ తేడా మనకు తెలిసివచ్చింది.

1974లో బొంబాయి హైలో చమురు దొరికింది. 1985-86లో దేశం సుమారు 3 కోట్ల టన్నుల ముడిచమురు తీసింది. ఆ ఏడాది పెట్రోలియం ఉత్పత్తుల వాడకం 4 కోట్ల టన్నులు. స్వావలంబన అందుతున్నట్టే అనిపించింది. 2023-24లోనూ మనం తీసింది దాదాపు అంతే. వాడకం మాత్రం 23 కోట్ల టన్నులు దాటింది. అందుకే ఇప్పుడు ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే.

కనుక ఎవరైనా “ఇది మన ఇంధనం” అంటే మూడు ప్రశ్నలు వేయండి. బావి ఎవరి సరిహద్దులో ఉంది? శుద్ధి ఎక్కడ జరుగుతోంది? మనం ఎంత వాడుతున్నాం? రేపటి సౌరవిద్యుత్తుకూ ఇలాంటి ప్రశ్నలే వర్తిస్తాయి. ఎండ మనదే. మరి ఫలకంలోని సౌరఘటం ఎక్కడ తయారైంది?