విరిగిన స్టడ్డు, విద్యుత్ రవ్వ

ఎగ్జాస్ట్ స్టడ్డు అంటే రెండు కొసలా మర ఉన్న ఉక్కు కడ్డీ. దాని ఒక కొస ఇంజన్ హెడ్డులోకి బిగిసి ఉంటే, బయటికి నిలిచిన రెండో కొసకు మానిఫోల్డును, అంటే సిలిండర్ల పొగనంతా ఒక గొట్టంలోకి చేర్చే భాగాన్ని, తొడిగి నట్టు బిగిస్తారు. భారం లాగేటప్పుడు పెట్రోలు ఇంజన్ పొగ వేడి 800 డిగ్రీల సెల్సియస్‌ను దాటవచ్చు కనుక, హెడ్డు కంటే ఎక్కువగా కాగే మానిఫోల్డు సాగుతూ, చల్లారాక కుంచించుకుంటూ స్టడ్డులను, ముఖ్యంగా రెండు చివరలా ఉన్నవాటిని, పక్కకు గుంజుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఇలా అలసిన లోహం మరల్లో తుప్పు కూడా పట్టాక, నట్టు విప్పబోయేసరికి హెడ్డు అంచుకు సమంగా తెగిపోతుంది. పట్టకారుకు అందేదేమీ మిగలదు.

ఈ చిక్కు కారు కంటే పాతది. 1841లో బ్రిటన్‌లో జోసెఫ్ విట్‌వర్త్ 55 డిగ్రీల కోణంతో, 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో మరలకు ప్రమాణాలు ప్రతిపాదించేదాకా ఒక కర్మాగారపు మర మరోచోటి రంధ్రానికి సరిపోతుందన్న భరోసా లేదు. ప్రమాణాలు స్థిరపడ్డాక కొత్త స్టడ్డు దొరకడం సులువైంది గాని, విరిగిన ముక్కను తీయడం మాత్రం చేతిపనిగానే మిగిలింది.

ఆ పనిలో పేరుపడిన సాధనం ఎక్స్‌ట్రాక్టర్. ముక్క నడుమ డ్రిల్లుతో రంధ్రం చేసి, ఎడమ మెలికలున్న ఈ గట్టి ఉక్కు పనిముట్టును అందులో దిగ్గొట్టి, విప్పే దిశలో తిప్పితే అది కొరుక్కుని ముక్కను వెంట తెస్తుందని ఆశ. నిజానికి ఎగ్జాస్ట్ స్టడ్డుల విషయంలో దాన్ని నమ్మడం సాహసమే. తుప్పు పట్టు వదలకపోతే ఎక్స్‌ట్రాక్టరే లోపల విరుగుతుంది, దాని గట్టిదనం ముందు మామూలు డ్రిల్లు ఓడిపోతుంది.

గట్టిదనంతో నిమిత్తం లేని ఉపాయం రెండో ప్రపంచ యుద్ధకాలంలో వచ్చింది. ఇంజన్ ఇగ్నిషన్‌లో విద్యుత్తును కలిపి తెంచే టంగ్‌స్టన్ పాయింట్లు రవ్వల వల్ల తినుకుపోకుండా ఆపే మార్గం వెతుకుతున్న సోవియట్ శాస్త్రవేత్తలు, దంపతులైన బోరిస్ లజరెంకో, నటాలియా లజరెంకో, ఆ అరుగుదలను ఆపలేకపోయారు. కానీ పాయింట్లను విద్యుత్తు పారని ద్రవంలో ముంచితే అది అదుపులోకి వస్తుందని గమనించి, 1943లో దాన్నే లోహాన్ని తొలిచే పద్ధతిగా మలిచారు. ఇంచుమించు ఆ కాలంలోనే అమెరికాలో హరోల్డ్ స్టార్క్, విక్టర్ హార్డింగ్, జాక్ బీవర్ అల్యూమినియం పోతల్లో విరిగి ఇరుక్కున్న డ్రిల్లులనూ, రంధ్రంలో మర కోసే ట్యాపులనూ తీయడానికే రవ్వలతో పనిచేసే యంత్రాన్ని రూపొందించారు. ఈ రవ్వల పద్ధతిలో ఎలక్ట్రోడు, అంటే రవ్వను పుట్టించే విద్యుత్ కొన, లోహాన్ని తాకదు. నడుమ సందులో దూకే ప్రతి రవ్వా అణువంత లోహాన్ని కరిగించి ఎగరగొడితే, ద్రవం ఆ పొడిని కడిగేస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న మర చెక్కుచెదరకుండా ముక్క నడిబొడ్డు ఖాళీ అవుతుంది.

అచ్చుల తయారీలోనూ, టర్బైన్ రెక్కల సన్నటి రంధ్రాలు తొలవడంలోనూ ఈ పద్ధతి తర్వాత ఎంతో ఎదిగింది. గ్యారేజీల్లో మాత్రం ముందుగా తెగిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డింగు చేసి, ఆ వేడికి తుప్పు పట్టు సడలాక స్పానరుతో తిప్పి చూడటమే పరిపాటి. ఉక్కు వెల్డు అల్యూమినియానికి అతుక్కోదు గనుక అల్యూమినియం హెడ్డుకు అది అనువైనదే, పైగా చాలాసార్లు హెడ్డును ఇంజన్ నుంచి దించే పని కూడా తప్పుతుంది.