దిగులును సోమరితనమును

మా హిమాయత్‌నగరు మొయినాబాదు మండలములోని పల్లె. ఇచ్చటనే కాదు, ఏ యూరనైనను తఱచుగ వినవచ్చు మాట యొకటి కలదు: "వాడు మొద్దు, పుస్తకము ముందఱ కూర్చుండునే గాని యొక్క ముక్కయు తల కెక్కదు." దిగులు జబ్బుచే క్రుంగిన బాలునకును, కూరలో నుప్పు వేసితినో లేదో యని నిలిచిపోవు కోడలికిని ఈ బిరుదే దక్కుచున్నది.

మనస్సు క్రుంగినపుడు బుద్ధియు తడబడునని మనవా రెఱుగకపోలేదు. గీతయందు అర్జునుడు తన మనస్సు తిరుగుచున్నదనియు, కర్తవ్యము తోచకున్నదనియు మొఱపెట్టుకొనెను. అది రోగమని మే మనము. కాని శ్రీకృష్ణుడు తొలుత మందలింపగా, అర్జునుడు యుద్ధము చేయనని చెప్పి మిన్నకుండెను. ఉపదేశ మటుపిమ్మటనే మొదలయ్యెను. మన యిండ్లలో మందలింపుతోనే యుపదేశము ముగియుచున్నది!

జర్మను వైద్యుడు క్రేపెలిన్ పందొమ్మిదవ శతాబ్దాంతమున, దుఃఖముతో బాటు ఆలోచన మందగించుటయు నీ వ్యాధి లక్షణమేయని వ్రాసెను. 1961లో కైలో యను వైద్యుడు, ముసలివారి మతిమఱపుగ దోచునది కొందఱియందు దిగులే కావచ్చునని చూపెను. అట్టివారికి దిగులు తగ్గినచో జ్ఞాపకమును మరలవచ్చును. 1980 నాటి అమెరికా మనోవైద్యుల గ్రంథమున ధ్యాస నిలువకుండుటయు, ఏదియు నిశ్చయింపలేకుండుటయు రోగలక్షణములలో జేర్పబడినవి.

ఇది జరుగు తీరెట్టిది? చదువునకు, లెక్కకు, సంభాషణకు మనస్సులో కొంత చోటు కావలయును. ఒకే చింత మరల మరల తిరుగుచు నా చోటు నాక్రమించును. కన్ను పంక్తి చివరకు బోవును. మనస్సు మొదటి పదముకడనే యుండును. తెలిసిన జవాబు సైతము ఆలస్యముగ వచ్చును. దిగులు తీఱిన పిమ్మటను కొందఱిలో నీ మాంద్యము కొంతకాలము నిలుచును. "నవ్వుచున్నాడు గదా, ఇక చదువడేమి?" యని తొందరపెట్టుట తగదు.

ఇక మన వైద్యశాలల సంగతి. నిజాము ప్రభుత్వపు పిచ్చాసుపత్రి చిరకాలము జాల్నాలో నుండి, 1953లో హైదరాబాదు ఎఱ్ఱగడ్డకు వచ్చెను. జాల్నాకు బండి యెక్కింపబడవలెనన్న రోగి గోల చేయవలసినదే. మూల గూర్చున్నవాని నెవరు తీసికొనిపోవుదురు? 2017 నాటి చట్టము మనోవైద్యమును పొందుట ప్రతివాని హక్కుగ నొప్పుకొన్నది. 2022లో "టెలి మానస్" ఏర్పడినది. 14416 సంఖ్యకు ఫోను చేసిన నుచితముగ, తెలుగులోనే మాటలాడవచ్చును. ఆ యంకెలను మా బడి గోడపై వ్రాయించితిమి. ఇండ్లలో క్యాలెండరుపై వ్రాసికొన్నను చాలును.